గ్లాసుకు లొంగని నూడుల్స్

ప్రశ్న: మా ఇంట్లో ఐదుగురం. నేను, మా వారు, పదకొండేళ్ళ పాప, ఎనిమిదేళ్ళ బాబు, మా అత్తయ్య గారు. ఆదివారం సాయంత్రం పిల్లల కోసం హక్కా నూడుల్స్ చేస్తాను. ఇన్నేళ్ళుగా చేస్తున్నా ఎంత వెయ్యాలో ఇప్పటికీ అంతు పట్టలేదు. 150 గ్రాముల ప్యాకెట్లు రెండు వేస్తే గిన్నెలో ఏమీ లేనట్టుంటుంది. చాలవేమోనని మూడోది కూడా వేసేస్తాను. తీరా చూస్తే బోలెడు మిగిలిపోతాయి. అవి రాత్రంతా స్టవ్ మీదే ఉంటాయి, పొద్దున వేడి చేసి బాక్సుల్లో పెడతాను. ఉడికించగానే ముద్ద కట్టేస్తున్నాయి, నీళ్ళలో నూనె వేసినా అంతే. విరిచి వెయ్యమని అత్తయ్య గారు, విరిస్తే తిననని పాప. సగం వాడి పెట్టిన ప్యాకెట్లో మొన్న పురుగులు కనిపించాయి. వచ్చే నెల బాబు పుట్టినరోజుకి పదిహేను మంది పిల్లలు, ఎనిమిది మంది పెద్దవాళ్ళు వస్తారు. నూడుల్స్ ఇంట్లోనే చేస్తానని మాటిచ్చేశాను. ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

సమాధానం: మీ ఉత్తరంలో ఐదారు ప్రశ్నలున్నాయి. మీరు ప్రశ్నగా అడగకుండా మామూలుగా చెప్పేసిన విషయం ఇంకొకటి ఉంది. రాత్రంతా స్టవ్ మీద ఉన్న నూడుల్స్‌ని పొద్దున పిల్లల బాక్సుల్లో పెట్టడం. మిగతావన్నీ రుచికి సంబంధించినవి, ఇది ఆరోగ్యానికి సంబంధించింది. కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అన్నం, నూడుల్స్, పాస్తా లాంటి పిండి పదార్థాల్లో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఎక్కువ. దాని బీజాలు మరిగే నీళ్ళకి కూడా చావవు. వండిన పదార్థం గోరువెచ్చగా గంటల తరబడి బయటే ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని తయారు చేస్తాయి. పొద్దున మీరు ఎంత వేడి చేసినా బ్యాక్టీరియా చస్తుందేమో గానీ ఆ విషం పోదు. 2008లో బ్రస్సెల్స్‌లో ఇరవై ఏళ్ళ విద్యార్థి ఒకతను ఐదు రోజుల కిందట ఉడికించి వంటగదిలో బయటే ఉంచిన స్పగెటీని వేడి చేసుకుని తిని, ఆ రాత్రే చనిపోయాడు. వైద్యులు 2011లో ఆ కేసు వివరాలు ప్రచురించారు. ఐదు రోజులు వేరు, ఒక రాత్రి వేరు, నిజమే. అంత ఘోరం జరగడం చాలా అరుదు, అదీ నిజమే. కానీ గోదావరి జిల్లాల్లో మే నెల రాత్రి ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. వాంతులు, విరేచనాలు పట్టుకోవడానికి ఐదు రోజులు అక్కర్లేదు.

"చద్దన్నం తిని పెరిగిన వాళ్ళం, మాకేమైంది" అని అత్తయ్య గారు అనవచ్చు. చద్దన్నంలో నీళ్ళో మజ్జిగో పోస్తాం, అది పులుస్తుంది. ఆ పులుపే దానికి కాపలా. సోయాసాస్, క్యాబేజీ, నూనె కలిపిన నూడుల్స్‌కి అలాంటి కాపలా ఏమీ లేదు. కాబట్టి మిగిలినవి ఏవైనా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. లోతు గిన్నెలో కుక్కి కాకుండా వెడల్పు డబ్బాలో పరిచి పెడితే త్వరగా చల్లబడతాయి. మర్నాడో ఆ మర్నాడో పొగలు వచ్చేలా వేడి చేసి తినేయాలి, మళ్ళీ మిగిలితే పారేయాలి.

అయినా అసలు మిగలకుండా చేసుకుంటే ఈ గొడవే ఉండదు. ఇక కొలత దగ్గరికి వద్దాం.

మన చేతులకి గ్లాసు అలవాటు. మా అమ్మమ్మకి సోల, గిద్ద. మా అమ్మకి స్టీలు గ్లాసు. నాకు రైస్ కుక్కర్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ కప్పు. ఏదైనా మనం గింజని పాత్రలో నింపి కొలిచేవాళ్ళమే. మనిషికి ఇన్ని గ్లాసులు, గ్లాసుకి ఇన్ని నీళ్ళు. ఈ లెక్క మనకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చూసి నేర్చుకున్నాం. సేమ్యా కూడా దీనికి లొంగుతుంది. ఎందుకంటే సేమ్యాని విరిచి, పొట్టి ముక్కలు చేసి అమ్ముతారు. గ్లాసులో పోస్తే గింజలాగే నిండుతుంది. గ్లాసు సేమ్యాకి రెండు గ్లాసులకి కాస్త తక్కువ నీళ్ళు పోస్తే ఉప్మా అయిపోతుంది. నూడుల్స్ అలా కాదు. కొన్ని కంపెనీలవి బిళ్ళలుగా, కొన్నివి పుల్లలుగా వస్తాయి. గ్లాసులో దూరవు, పిడికిట్లో అందవు. గిన్నెలో వేస్తే బిళ్ళ ఓ మూల పడి ఉంటుంది, చూసిన వాళ్ళకి జాలి వేస్తుంది. ఆ జాలి వల్లే మీ మూడో ప్యాకెట్ తెగుతోంది.

నూడుల్స్‌ని కంటితో కాదు, తూకంతో కొలవాలి. ఎండు గోధుమ నూడుల్స్ ఉడికాక బరువు రెండింతల పైచిలుకు అవుతాయి, అంటే 100 గ్రాములు వేస్తే సుమారు 220 నుంచి 250 గ్రాములు వస్తాయి. మీరు వేసే మూడు ప్యాకెట్లు 450 గ్రాములు. ఉడికాక కిలో దాటుతుంది. దాని మీద క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికం ఇంకో 400 గ్రాములు. ఐదుగురికి, అందులో ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ, దగ్గర దగ్గర కిలోన్నర వంట. మిగలక ఏమవుతుంది?

కూరగాయలు బాగా వేసి, అదే ఆ పూట భోజనం అనుకుంటే పెద్దవాళ్ళకి మనిషికి 70 నుంచి 80 గ్రాముల ఎండు నూడుల్స్ సరిపోతాయి. మీ బాబు వయసు పిల్లలకి 40 నుంచి 50. సాయంత్రం టిఫిన్‌గా పెట్టి రాత్రికి మళ్ళీ అన్నం వండేటట్టయితే పెద్దవాళ్ళకి కూడా 50 చాలు. ఇప్పుడు మీ ఇంటి లెక్క వేద్దాం. మీ వారికి 80, మీకు 70, పిల్లలిద్దరికీ చెరో 50, అత్తయ్య గారికి 40. మొత్తం 290. రెండు ప్యాకెట్లు 300. అంటే మీరు మొదట అనుకున్నదే కరెక్ట్! గిన్నె చూసి భయపడటం ఒక్కటి మానేస్తే చాలు. ఇంకా చాలవనిపిస్తే మూడో ప్యాకెట్ తెరవకండి, ఇంకో క్యారెట్ తురమండి, రెండు గుడ్లు కొట్టి వెయ్యండి.

దీని కోసం కాటా కొనక్కర్లేదు. ప్యాకెట్ మీద బరువు అచ్చు వేసే ఉంటుంది, అదే మీ తూకం. బిళ్ళలయితే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి భాగించండి. 150 గ్రాములకి మూడు బిళ్ళలుంటే ఒక్కోటి 50, అంటే పిల్లాడికి ఒక బిళ్ళ. స్పగెటీ లాంటి పుల్లలయితే 500 గ్రాముల ప్యాకెట్‌ని ఒక్కసారి న్యూస్ పేపర్ మీద పరిచి ఆరు సమానమైన కట్టలుగా విడదీయండి. ఒక్కో కట్ట 80 గ్రాములకి కాస్త ఎక్కువ. ఒక కట్టని బొటనవేలు, చూపుడువేలు కలిపిన సున్నాలో పట్టుకుని చూడండి. మీ వేళ్ళలో అది ఎంత లావుందో ఒకసారి గుర్తుపెట్టుకుంటే ఇక జన్మంతా కొలవక్కర్లేదు. ప్రతి కట్టకీ రబ్బరు బ్యాండ్ వేసి డబ్బాలో పెడితే వంట రోజున లెక్క కూడా అక్కర్లేదు, ఇద్దరికి రెండు కట్టలు. జపాన్ వాళ్ళు ఈ పని ఫ్యాక్టరీలోనే చేసేస్తారు. అక్కడ సోమెన్ అనే సన్నటి గోధుమ నూడుల్స్ సాధారణంగా 50 గ్రాముల కట్టలుగా, నడుముకి బెల్టు పెట్టినట్టు కాగితపు పట్టీతో వస్తాయి. ఇన్‌స్టంట్ నూడుల్స్‌ది కూడా అదే తెలివి. 1958లో మోమోఫుకు అండో అనే ఆయన జపాన్‌లో మొదటి ఇన్‌స్టంట్ నూడుల్స్ అమ్మకానికి తెచ్చాడు. మనిషికి ఒక బిళ్ళ, కొలిచే పని లేదు. ఆ బిళ్ళని నూనెలో వేయిస్తారు కాబట్టి లోపలి నీరంతా ఆవిరై సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వేడి నీళ్ళు వాటిలోకి దూరి రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది. హక్కా నూడుల్స్ మామూలుగా ఆవిరి మీద ఉడికించి ఆరబెట్టినవి, అందుకే వాటికి ఇంకాస్త సమయం పడుతుంది.

ఇక ముద్ద సంగతి. ఈ విషయంలో నా చరిత్ర మీకంటే ఘనమైంది. మా వాడి ఆరో పుట్టినరోజుకి రెండు కిలోల నూడుల్స్‌ని పెద్ద గుండిగలో ఒకేసారి వేసేశాను. అప్పటిదాకా తెర్లుతున్న నీళ్ళు కాస్తా చల్లబడి చప్పున ఆగిపోయాయి. మళ్ళీ మరిగేలోపు నూడుల్స్ అన్నీ ఒకదాన్నొకటి వాటేసుకున్నాయి. చివరికి బయటికి తీసింది మైసూర్‌పాక్‌లా చాకుతో కొయ్యాల్సి వచ్చింది. పిల్లలు రెండో కేకు అనుకున్నారు.

ఆ తర్వాత పంతం పట్టి మా వీధి చివర ఫాస్ట్‌ఫుడ్ బండి ముందు కొన్ని సాయంత్రాలు నిలబడ్డాను. ఆ కుర్రాడు నాకు ఏమీ చెప్పలేదు, చెప్పడానికి తీరిక ఎక్కడిది? చూసి నేర్చుకున్నదే. మధ్యాహ్నం నూడుల్స్‌ని కొద్ది కొద్దిగా ఉడికించి, చిల్లుల గిన్నెలో వంచి, చన్నీళ్ళు గుమ్మరించి, నూనె రాసి పెద్ద ట్రేలో పరిచేస్తాడు. సాయంత్రం ఎంత మంది నిలబడ్డా బాణలిలో ఒకసారికి ఒకటి రెండు ప్లేట్లే. కొలతకి ఒక ప్లాస్టిక్ గిన్నె. ఇదే నాకు నచ్చింది. ఎండువి గ్లాసుకు లొంగవు గానీ ఉడికినవి గిన్నెకు లొంగుతాయి. తూచి వండితే సరి, వడ్డనకి మాత్రం మనకి అలవాటైన గిన్నె కొలతే వాడుకోవచ్చు. (ఆ ట్రే ఎండలో ఎన్ని గంటలు ఉంటుందన్నది నేను పైన చెప్పిన దానికి పూర్తిగా విరుద్ధం. అయినా అక్కడ తినడం నేను మానలేదు, నా మాట వినండి గానీ నన్ను చూసి నేర్చుకోకండి.)

ముద్ద ఎందుకు కడతాయంటే, నీళ్ళలో పడ్డ మొదటి ఒకటి రెండు నిమిషాల్లో పైపొర పిండి ఉబ్బి జిగురుగా మారుతుంది. ఆ సమయంలో కదపకుండా వదిలేస్తే అంటుకుంటాయి. నీళ్ళు ఎక్కువుంటే ఆ జిగురు నీళ్ళలోకి పోతుంది, తక్కువుంటే నూడుల్స్ మీదే ఉండిపోతుంది. 100 గ్రాములకి లీటరు నీళ్ళు పెట్టుకోండి. మీ 300 గ్రాములకి మూడు లీటర్లు, ఐదు లీటర్ల కుక్కర్‌ని మూత లేకుండా వాడితే సరిపోతుంది. నీళ్ళు తెర్లాకే వెయ్యండి. వేసిన వెంటనే అట్లకాడతో కాకుండా ఫోర్కుతోనో పట్టకారతోనో విడదీస్తూ రెండు నిమిషాలు అక్కడే ఉండండి. ఫోన్ మోగినా వెళ్ళకండి. నీళ్ళలో నూనె వెయ్యడం వల్ల పొంగడం తగ్గుతుంది, అంతే. నూనె పైన తేలుతుంది, నూడుల్స్ కింద ఉంటాయి. ఆ నూనెని వార్చిన తర్వాత వెయ్యండి, అప్పుడు పనికొస్తుంది. ఒక ప్యాకెట్‌కి ఒక చెంచా చాలు.

ప్యాకెట్ మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే ఒక పోగు తీసి గిల్లి చూడండి. మధ్యలో సన్నటి తెల్ల చుక్క కనిపిస్తుండగానే వార్చేయాలి, మిగతాది బాణలిలో ఉడుకుతుంది. పూర్తిగా ఉడికాక వేయిస్తే ఎంత జాగ్రత్త పడ్డా చితుకుతాయి. వార్చాక చన్నీళ్ళు పోస్తే ఉడకడం ఆగుతుంది, పైన మిగిలిన జిగురు పోతుంది. ఆ నీళ్ళు పూర్తిగా ఓడాక నూనె రాసి, వెడల్పు పళ్ళెంలో పరిచి పది నిమిషాలు ఫ్యాను కింద ఉంచండి. తడి నూడుల్స్‌ని బాణలిలో వేస్తే అవి వేగవు, మళ్ళీ ఉడుకుతాయి. స్పగెటీకి మాత్రం ఈ స్నానం వద్దు. దానికి సాస్ పట్టాలంటే ఆ జిగురే కావాలి. బియ్యప్పిండి నూడుల్స్ కథ ఇంకా వేరు, వాటిని మరిగించకూడదు. సన్నవయితే వేడి నీళ్ళు పోసి నాలుగైదు నిమిషాలు, వెడల్పువయితే గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టి వాడుకోవాలి. ఈ మధ్య రాగి, జొన్న నూడుల్స్ అంటూ వస్తున్నాయి కదా, వెనక పదార్థాల జాబితా ఒకసారి చదవండి, చాలా వాటిలో ముందుండేది గోధుమో మైదానో. గోధుమ అసలు లేనివి తొందరగా విరిగిపోతాయి కాబట్టి వాటిని చాలా మెల్లగా కదపాలి.

అత్తయ్య గారికీ పాపకీ మధ్య తీర్పు చెప్పమన్నారు. నా ఓటు పాపకే. బిళ్ళలయితే విరవాల్సిన అవసరమే లేదు, నీళ్ళలో వాటంతట అవే విడిపోతాయి. పుల్లలయితే ఒక చివర నీళ్ళలో ముంచి అర నిమిషం ఆగండి, మెత్తబడి వాటంతట అవే లోపలికి వంగుతాయి. మీ బాబు పుట్టినరోజు వస్తోంది కాబట్టి ఇంకో మాట. చైనాలో పుట్టినరోజున నూడుల్స్ తినడం ఆచారం. ఆ పొడుగాటి పోగు దీర్ఘాయుష్షుకి గుర్తు, దాన్ని కొయ్యరు, విరవరు. ఈ మాట అత్తయ్య గారి చెవిన వెయ్యండి, మనవడి ఆయుష్షు అనగానే ఆవిడే పార్టీ మార్చేస్తారు.

ఎప్పుడైనా స్పగెటీ విరవక తప్పకపోతే గుడ్డలో చుట్టి విరవండి. రెండు చివర్లూ పట్టుకుని వంచితే అది రెండు ముక్కలవ్వదు, మూడో నాలుగో అయి మధ్య ముక్క ఎగిరి ఎక్కడో పడుతుంది. మీ చేతి తప్పు కాదు. నోబెల్ గ్రహీత రిచర్డ్ ఫైన్‌మన్ కూడా దీని మీద బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. మొదటి ముక్క విరిగినప్పుడు పుట్టే కంపనమే మిగతా పుల్లని కూడా విరుస్తుందని 2005లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలిద్దరు తేల్చారు. బాగా మెలిపెట్టి మెల్లగా వంచితే సరిగ్గా రెండు ముక్కలు చెయ్యొచ్చని 2018లో అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్ళు యంత్రం పెట్టి మరీ చూపించారు. మనకి గుడ్డ చాలు.

ఇప్పుడు పుట్టినరోజు. కేకు, సమోసా, చిప్స్ ఎలాగూ ఉంటాయి కాబట్టి పిల్లలకి తలకి 40 గ్రాములు, పెద్దవాళ్ళకి 50. పదిహేను మంది పిల్లలకి 600, ఎనిమిది మంది పెద్దలకి 400, వెరసి కిలో. మీరు కొనే ప్యాకెట్లు ఏడు. మీ ఇంట్లో వాళ్ళు కూడా తింటారు కాబట్టి ఎనిమిది తీసుకోండి. పదో ప్యాకెట్ కొనాలనిపిస్తే మైసూర్‌పాక్ గుర్తుచేసుకోండి. రెండేసి ప్యాకెట్ల చొప్పున నాలుగు వాయిలుగా ఉడికించండి. మొదటి వాయి నీళ్ళే చివరిదాకా వాడితే గంజిలా చిక్కబడతాయి, రెండు వాయిలకోసారి మార్చండి. ఇదంతా పొద్దున్నే చేసేయండి. చల్లార్చి, నూనె రాసి, వెడల్పు డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లటి నూడుల్స్ వేయించేటప్పుడు విడివిడిగా వస్తాయి, వేడివేడివి అలా రావు. కూరగాయలు కూడా పొద్దునే సన్నగా తరిగేసుకోండి.

సాయంత్రం కేకు కోస్తుండగా వేయించడం మొదలుపెట్టండి. ఇంటి స్టవ్ మంట బండి వాడి మంటలో సగం కూడా ఉండదు, అందుకని ఒక్కో వాయికి నాలుగు ప్లేట్లకి మించి వెయ్యొద్దు. బాణలి పొగలు కక్కేదాకా కాలనివ్వండి, ముందు కూరగాయలు, తర్వాత నూడుల్స్. సాస్ నూడుల్స్ మీద కాకుండా బాణలి అంచుల వెంట పొయ్యండి. పిల్లలవి ముందు చేసెయ్యండి, చిల్లీసాస్ లేకుండా. పెద్దవాళ్ళు ఆగగలరు. ఆగలేకపోతే వాళ్ళ చేతికి పట్టకార ఇవ్వండి.

చివరగా పురుగులు. ఆ ప్యాకెట్‌ని జాడించి వాడుకుందామని చూడకండి, కవరుతో సహా బయట పారేసి, దాని పక్కనున్న రవ్వ, మైదా, సేమ్యా డబ్బాలన్నీ ఒకసారి తెరిచి చూడండి. అవి ఒకచోటే ఉండే రకం కాదు. షెల్ఫ్ మూలలు పొడిగుడ్డతో తుడవండి. ఇక మీదట కొత్త ప్యాకెట్లని తెచ్చిన రోజే డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచండి, కంటికి కనపడని గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా తెరవొద్దు, తెరిస్తే చెమ్మ పడుతుంది. తెరిచాక రబ్బరు బ్యాండ్ వేసి వదిలేయకుండా గట్టి మూత డబ్బాలోకి మార్చి, సమయం, తేదీ రాసి ఉన్న కవరు ముక్కని కత్తిరించి అందులోనే వెయ్యండి. బిర్యానీ ఆకు వేస్తే పురుగులు రావంటారు, వెయ్యండి, పోయేదేం లేదు, కానీ మూత వదులుగా ఉంటే ఆకు ఏమీ ఆపలేదు. డబ్బాని పొయ్యి పక్కన పెట్టకండి, ఆ వేడికీ ఆవిరికీ పుల్లలు పగిలి నూకలవుతాయి. ఇన్‌స్టంట్ రకాన్ని మాత్రం ఎక్కువ కాలం నిల్వ చెయ్యొద్దు, వేయించినవి కదా, కనరు వాసన వస్తుంది. డబ్బా అడుగున ఎప్పుడూ ఓ పిడికెడు ముక్కలు మిగులుతాయి. వాటిని నేతిలో వేయించి పాయసం చేస్తే అత్తయ్య గారు వద్దనరు. ఆవిడ విరవమన్నది కూడా బహుశా దానికేనేమో.